ఫీజు కట్టిన రుజువును కంప్యూటర్‌లో దాచుకున్నాం: నా అనుభవం

మా చెల్లి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ఫీజు ఇంట్లో కంప్యూటర్ మీదే కట్టాం. ఖాతాలో డబ్బు కట్ అయింది, పేజీలో మాత్రం పేమెంట్ ఫెయిల్ అని వచ్చింది. ట్రాన్సాక్షన్ నంబరు తెర మీద కనిపిస్తోంది, పేజీ మారితే అదీ పోతుందేమోనని టెన్షన్. ఇంతలో చెల్లి "అన్నయ్యా, ప్రింట్ స్క్రీన్ కొట్టాను, ఫొటో ఏ ఫోల్డర్‌లోనూ లేదేంటి?" అంది.

మాది విండోస్ 10. అందులో ఆ కీ ఒక్కటే నొక్కితే తెర బొమ్మ క్లిప్‌బోర్డ్‌లోకి, అంటే కాపీ చేసినవి తాత్కాలికంగా ఉండే చోటికి వెళ్తుంది. పెయింట్ తెరిచి, పేస్ట్ చేసి, సేవ్ చేస్తేనే ఫైలవుతుంది. ఈలోగా ఇంకేది కాపీ చేసినా బొమ్మ పోతుంది. తను అప్పటికే హాల్‌టికెట్ నంబరు కాపీ చేసేసింది. పేజీ ఇంకా తెరిచే ఉంది కాబట్టి సరిపోయింది. ఈసారి విండోస్ కీ పట్టుకుని ప్రింట్ స్క్రీన్ నొక్కాను. తెర ఒక్క క్షణం మసకబారింది. అలా అయితే ఫైలు పడినట్టే. పిక్చర్స్‌లోని స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లో కనబడింది కూడా. 2012లో విండోస్ 8తో వచ్చిన సదుపాయం ఇది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలపాలి.

విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే కావలసిన ముక్కే తీసుకోవచ్చు. మామూలు పనులకు నాకు అదే ఇష్టం. రుజువుకైతే మాత్రం మొత్తం తెర ఉండాల్సిందే: పైన వెబ్‌సైట్ అడ్రసు, కింద మూలన టైము, తేదీ కనబడాలి. హెల్ప్‌డెస్క్ వాళ్లు ఆధారం అడిగినప్పుడు మాకు పనికొచ్చింది ఆ టైమే. బ్యాంకు మెసేజ్‌లోని టైముతో సరిపోయింది, ఇంకేమీ అడగలేదు. కొన్ని రోజులకు ఫీజు కట్టినట్టు పేజీలో మారింది.

పంపేముందు ఆ ఫైలుకు కాపీ తీసి, పక్క ట్యాబుల పేర్లు, ఖాతా నంబరు కాపీలో కప్పేశాం. అసలు ఫైలు ముట్టుకోలేదు. ఫైలును పీఎన్‌జీ రకం బొమ్మగానే ఉంచాం, జేపీజీ రకానికి మారిస్తే చిన్న అంకెల అంచులు చెదురుతాయి. పేరు కూడా అప్పుడే మార్చాం, తేదీ ముందు, పని తర్వాత. "స్క్రీన్‌షాట్ (14)" అని వదిలేస్తే రేపు అవసరానికి దొరకదు.

తర్వాత వెబ్ ఆప్షన్ల వంతు, అంటే కావలసిన కాలేజీలను ఆన్‌లైన్‌లో ఎంచుకోవడం. కాలేజీల జాబితా ఒక తెరలో పట్టదు. ఫైర్‌ఫాక్స్‌లో పేజీ మీద రైట్ క్లిక్ చేస్తే స్క్రీన్‌షాట్ తీసే ఆప్షన్ ఉంటుంది, అందులో ఫుల్ పేజీ ఎంచుకుంటే కింది దాకా ఒకే బొమ్మగా వస్తుంది. దాంట్లో గడియారం, అడ్రసు బార్ రావు. అందుకే మామూలు స్క్రీన్‌షాట్ ఒకటి కూడా తీసి, రెండూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, పెన్‌డ్రైవ్‌లో కూడా వేసింది చెల్లి.