నాగావళి ఒడ్డు నుంచి శ్రీకూర్మం దాకా: బెంగపడే మనసుతో ఒక రోజు యాత్ర

శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో. అక్కడి నుంచి ఊరికి ఇంకో 13 కిలోమీటర్లు. ఇది తెలియక పొద్దున్న రైలు దిగి, ఆటోవాడితో బేరం, దర్శనం వేళ మించిపోతుందన్న కంగారు, అన్నీ ఒకేసారి మొదలవుతాయి. అందుకే నేను ముందురోజు సాయంత్రానికే ఊళ్లోకి చేరిపోతాను. ఆదివారం జోలికి పోను. సూర్యుడి వారం కాబట్టి అరసవల్లి సూర్యుడి గుడి ఆ రోజు కిటకిటలాడుతుంది, రథసప్తమికైతే చెప్పనే అక్కర్లేదు. గుంపులో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లకి మంగళ, బుధవారాలు మేలు.

తెల్లారి మొదట వెళ్లేది అరసవల్లికి కాదు, నాగావళి ఒడ్డున ఉన్న ఉమారుద్ర కోటేశ్వరస్వామి గుడికి. స్థలపురాణం ప్రకారం అరసవల్లి కథ అక్కడే మొదలైంది. ఇంద్రుడు వేళ కాని వేళ వచ్చి లోపలికి వెళ్తానని పట్టుబట్టాడు. నంది కాదన్నాడు. అయినా ఆగక తోసుకుపోబోతే నంది విసిరిన విసురుకి దూరంగా వెళ్లి పడ్డాడు. సొమ్మసిల్లిన ఇంద్రుడికి సూర్యుణ్ణి ప్రతిష్ఠించమని కల వచ్చింది. పడిన చోట వజ్రాయుధంతో తవ్వితే విగ్రహం దొరికింది, తవ్విన గొయ్యి ఇంద్ర పుష్కరిణి అయింది. రాజుల లెక్కలో అరసవల్లి గుడిని 7వ శతాబ్దపు తూర్పు గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడంటారు. నాకు మాత్రం తొందరపడి దెబ్బ తిన్నవాడి కథే ఎక్కువ పనికొస్తుంది.

అరసవల్లి ఊరిని ఆనుకునే ఉంది. సూర్యుడి నల్లరాతి విగ్రహం, పక్కన భార్యలు ఉష, పద్మిని, ఛాయ, కింద సారథి అనూరుడు, ఏడు గుర్రాలు. దర్శనం నిమిషంలో అయిపోతుంది, దానికి నొచ్చుకోవద్దు. సూర్యనమస్కారాల టికెట్ తీసుకుంటే అర్చకులు మన గోత్రనామాలతో చేస్తారు, కాసేపు కూర్చునే వీలుంటుంది. మార్చి రెండో వారం మొదట్లో, మళ్లీ అక్టోబరు మొదట్లో పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, అంటే విషువత్తు, ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మార్చి విషువత్తుకి పది పన్నెండు రోజుల ముందూ, సెప్టెంబరు విషువత్తు అయ్యాక దాదాపు అన్నే రోజులకి అక్టోబరులోనూ సూర్యుడు ఆకాశంలో ఒకే చోట ఉదయిస్తాడు. గుమ్మాల వరస ఆ చోటికి ఎదురుగా ఉంది. మబ్బు పట్టిందంటే ఏమీ కనబడదు. ఆ ఒక్క దృశ్యం కోసమే మొక్కుకుని వస్తే దిగులుతో తిరిగి వెళ్లాల్సిరావచ్చు.

క్యూలో గుండె దడదడలాడితే పక్కకి జరిగి గోడకి ఆనుకోండి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పదిసార్లు. వదలడం పొడుగ్గా ఉండాలి, గుండె వేగం తగ్గేది అప్పుడే. చాలామంది తలకిందులుగా చేస్తారు, గట్టిగా పీలుస్తూ పోతారు. దాంతో తల తిరుగుతుంది, భయం ఇంకా పెరుగుతుంది. ఇంకో పొరపాటు, మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం. ఎండలో ఒళ్లు తూలిపోతే అది ఆందోళనో దాహమో తేల్చుకోలేరు.

దర్శనమయ్యాక పుష్కరిణి దగ్గర కూర్చుని ఆదిత్యహృదయం చదువుకుంటాను. ముప్పై చిల్లర శ్లోకాలు, నిదానంగా చదివితే పది నిమిషాలు. అగస్త్యుడు ఇది చెప్పేనాటికి రాముడి స్థితి ‘చింతయా స్థితమ్’, అంటే దిగులుతో నిలబడిపోయి ఉన్నాడు. స్తోత్రంలోనే ‘చింతాశోకప్రశమనమ్’ అన్న మాట ఉంది. చదివాక రావణుడు మాయమైపోలేదు, ఎదురుగానే ఉన్నాడు. రాముడు మూడుసార్లు ఆచమించి విల్లు అందుకున్నాడు, అంతే.

విష్ణువు కూర్మావతారంలో, అంటే తాబేలు రూపంలో, కొలువైన శ్రీకూర్మం 15 కిలోమీటర్ల లోపే. ఇక్కడ స్వామి పడమటి ముఖం, ధ్వజస్తంభాలు రెండు. చుట్టు మండపం స్తంభాల నిండా శాసనాలే. అక్కడ ప్రదక్షిణ చేస్తే నడక దానంతటదే నెమ్మదిస్తుంది. ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్ల దగ్గర అరగంట ఉండండి. అలికిడికి తాబేలు తల, కాళ్లు లోపలికి లాక్కుంటుంది. గీత రెండో అధ్యాయం 58వ శ్లోకంలో ‘కూర్మోఽంగానీవ’, అంటే తాబేలు అవయవాల్ని లాక్కున్నట్టు, అన్నది ఇదే. మనం కదలకపోతే అదే మెల్లగా తల బయటపెడుతుంది. డిప్ప మీద తట్టకండి, సిబ్బందిని అడగకుండా ఏదీ పెట్టకండి.

ఇంటికి వచ్చాక చేసేదే అసలు పని. పొద్దు పొడవగానే తూర్పు ముఖంగా రాగి చెంబుతో మూడు అర్ఘ్యాలు. సూర్యుడి కేసి సూటిగా చూడొద్దు, కళ్లు చెడతాయి. స్తోత్రం రానివాళ్లు మిత్ర, రవి, సూర్య, భాను, ఖగ, పూష, హిరణ్యగర్భ, మరీచి, ఆదిత్య, సవితృ, అర్క, భాస్కర అని ఊపిరికొక పేరు చొప్పున పన్నెండూ చెప్పుకుంటే చాలు. పొద్దుటి వెలుతురు ఒంటికి వేళ గుర్తుచేస్తుంది, రాత్రి నిద్ర సర్దుకుంటుంది.

తర్వాత నోట్‌బుక్. తేదీ వేసి పేజీకి నిలువుగా గీత గీయండి. బెంగపెట్టేవాటిలో ఎడమవైపు ఈ రోజు నా చేతిలో ఉన్నవి, కుడివైపు లేనివి. ఎడమవైపు వాటిలో ఒక్కటే పనికి తీసుకోండి, కుడివైపువి స్వామికి వదిలెయ్యండి. పడుకోబోయే ముందు మాత్రం రాయొద్దు, చీకట్లో చింతలు పెద్దవౌతాయి. ఆదివారం వెనక్కి తిప్పి, భయపడినవాటిలో జరిగినవేవో టిక్కు పెట్టండి.

డాక్టరు రాసిన మాత్రలుంటే దర్శనమైందని మానేయకూడదు. వారాల తరబడి నిద్ర, తిండి లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఒక పొద్దు అర్ఘ్యం తప్పిందా, మర్నాడు మామూలుగా మూడే వదలండి. బాకీ కలిపి ఆరు వదలొద్దు.