ప్లైవుడ్ పడవకు గ్లాసు గుడ్డ: ఏ వేళకి మొదలుపెట్టాలి

కళింగపట్నం, భావనపాడు, ఇటు చింతపల్లి, ముక్కాం ఒడ్డున కనిపించే ఫైబర్ తెప్పలు మామూలుగా, హార్డనర్ అనే ద్రవం కలిపితే గట్టిపడే పాలిస్టర్ రెజిన్‌తో చేసినవి. ఆ పని చూసి నేర్చుకుని ఇంటి దగ్గర ప్లైవుడ్ పడవకు గ్లాసు గుడ్డ (గాజు పోగుల గుడ్డ) పరిచి ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ పూసేవాళ్లు ఒక అలవాటును కూడా వెంట తెచ్చుకుంటారు: తొందరగా గట్టిపడాలంటే హార్డనర్ ఇంకాస్త పోయడం. పాలిస్టర్‌లో అది కొంతవరకు చెల్లుతుంది. నూటికి ఒకటి రెండు పాళ్లు వేసే ఆ హార్డనర్ రెజిన్‌ను కదిలించి వదిలేస్తుంది, అంతే. ఎపాక్సీలో హార్డనర్ రెజిన్‌తో ముడిపడి తానూ గట్టిపడాలి. ఎక్కువైతే జత దొరకని హార్డనర్ లోపలే మిగిలిపోయి, ఆ చోటు ఎన్నాళ్లైనా జిగురుగానే ఉంటుంది. పైన మళ్లీ హార్డనర్ రాసినా బాగుపడదు. గీకి పారేయాల్సిందే.

కాబట్టి కొలత కాటా మీదే. డబ్బా మీది నిష్పత్తి తూకానిదా, పరిమాణానిదా ముందు చూసుకోండి, రెండూ ఒకటి కావు. వందకు పది గ్రాముల హార్డనర్ పడే రకం తీసుకున్నారనుకుందాం. ఒక గ్రాము తేడా చూపించే వంటింటి కాటా మీద 50 గ్రాముల రెజిన్ కలిపితే, ఐదు గ్రాముల హార్డనర్‌లో ఒక్క గ్రాము తప్పినా 20 శాతం తప్పినట్టే. గ్రాములో పదోవంతు చూపించే కాటా లేకపోతే 200 గ్రాములకు తక్కువ కలపకండి. రెండు నిమిషాలు, గోడలూ అడుగూ గీకుతూ కలిపి, ఇంకో శుభ్రమైన గ్లాసులోకి ఒంపి మళ్లీ కలపండి. మొదటి గ్లాసు అడుగున కలవకుండా మిగిలినదే తర్వాత పడవ మీద జిగురు మచ్చగా తేలుతుంది.

ప్లైవుడ్ ఐఎస్ 710 (భారత ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ రకం కొనండి. ముద్ర మీద నమ్మకం లేకపోతే చిన్న ముక్కను కొన్ని గంటలు ఉడకబెట్టి చూడండి, పొరలు విడిపోతే ఆ షీటు అలమరాకు పనికొస్తుందేమో గానీ పడవకు కాదు. గుడ్డ చదరపు మీటరుకు 200 గ్రాములుండే నేత గుడ్డ. దుకాణంలో ముందుగా చూపించేది, నేయకుండా తరిగిన గాజు పోగులతో చేసిన చాప్డ్ మ్యాట్. అందులోని పోగుల్ని పట్టి ఉంచే బంక పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. మ్యాట్ బిర్రుగా నిలబడి మూలల్లో లేచిపోతుంది, పైగా రెజిన్ విపరీతంగా తాగుతుంది.

14 అడుగుల చిన్న పడవకు బయటి ఒళ్లు సుమారు 80 చదరపు అడుగులు, ఏడున్నర చదరపు మీటర్లు. ఒక వరస గుడ్డ ఒకటిన్నర కిలో, అది తడవడానికి ఇంచుమించు అంతే ఎపాక్సీ. కింద చెక్క రంధ్రాలు మూసే సీలింగ్ పూత, పైన నేత గుంటలు నింపే రెండు పూతలు, గ్లాసుల్లో మిగిలి గట్టిపడేది కలిపితే ఐదు కిలోలు. లోపలి పూతలకూ కీళ్లకూ ఇంకో మూడు. ఏడో కిలో దగ్గర అయిపోయి విశాఖకు పరుగెత్తడం కంటే ముందే ఎనిమిది తెచ్చుకోవడం మేలు.

మన తీరంలో ఈ పనిని చెడగొట్టేవి రెండు: ఎండ, మంచు. పొద్దున్న మొదలుపెడితే పొద్దెక్కేకొద్దీ చెక్క వేడెక్కి, దాని రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి గుడ్డ కింద బుడగలుగా తన్నుకొస్తుంది. చెక్క చల్లబడుతున్నప్పుడు పూస్తే అదే గాలి కుంచించుకుని రెజిన్‌ను లోపలికి లాగుతుంది. అలాగని సాయంత్రం దాకా ఆగితే తేమ. గాలిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు హార్డనర్‌తో కలిసి పైన మైనంలాంటి పొర కడతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి నాలుగున్నరకల్లా గుడ్డ పని ముగించాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా పెట్టుకోకపోవడమే నా సలహా.

రేకుల షెడ్డయితే ఇంకో చిక్కు. చలికాలం తెల్లవారుజామున రేకు కింద పట్టిన చెమట చుక్కలుగా రాలి, గట్టిపడని ఎపాక్సీ మీద తెల్ల మచ్చలు పెడుతుంది. పడవకూ రేకుకూ మధ్య టార్పాలిన్ కట్టండి. సముద్రం వైపు తాటాకు దడి ఉంటే ఇసుక కూడా ఆగుతుంది.

కీళ్లకు ఎపాక్సీలో కోత మిల్లు పొట్టు కలపవచ్చు, కానీ వస్త్రగాళితం పట్టిన మెత్తని పొడి మాత్రమే. దోసెల పిండిలా ఉంటే నిలువు మూలలో జారిపోతుంది. గారెల పిండిలా, గరిటె తిప్పినా పడకుండా ఉండాలి. అంచులన్నీ పెన్సిల్ కంటే లావు గుండ్రంగా అరగదీయండి, గ్లాసు గుడ్డ పదునైన మూల తిరగదు. తిప్పితే వెనక్కి లేచి కింద గాలి మిగులుతుంది.

సీలింగ్ పూత వేసి, గట్టిపడ్డాక కడిగి, 80 నంబరు ఎమిరీ పట్టి, గుడ్డను పొడిగా పరిచి మడతలు సరిచేయండి. కలిపిన ఎపాక్సీని గ్లాసులో ఉంచకుండా వెంటనే వెడల్పాటి ట్రేలోకి ఒంపండి. కుప్పగా ఉంటే దాని వేడి దాన్నే ఉడికిస్తుంది, పొగలొస్తాయి. పదేసి డిగ్రీల వేడి పెరిగేకొద్దీ పని చేసుకునే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర అరగంట అని ఉంటే 35 దగ్గర పావుగంటే.

ఎపాక్సీని గుడ్డ మీద నడుమ నుంచి అంచులకు లప్పం పట్టీతో లాగండి. తెల్లగా కనిపిస్తే గుడ్డ తడవలేదు. అద్దంలా మెరుస్తుంటే ఎక్కువైంది, గుడ్డ రెజిన్‌లో తేలుతోంది. గుడ్డ మాయమై నేత గుర్తు మాత్రం తెలుస్తూ, మెరుపు లేకుండా ఉంటే సరిపోయినట్టు. ఇక్కడే చాలామంది చేతులు కట్టుకోలేక గుంటలు నింపేస్తారు. ఆగండి. జిగురు చేతికి అంటకుండా, గోరు నొక్కితే మాత్రం అచ్చు పడే దశలో తర్వాతి పూత వేస్తే ఎమిరీ పని లేకుండానే రెండూ ఒకటవుతాయి. వేలాడే అంచుల్ని కూడా రబ్బరులా ఉన్న అప్పుడే బ్లేడుతో కోసేయాలి. మర్నాటికి ఆ పోగులు ముళ్లే.

రాత్రి దాటితే ముందు నీళ్లు, గిన్నెలు తోమే పీచు. మైనం పొర నీళ్లకు పోతుంది, థిన్నర్‌కు పోదు. కడగకుండా ఎమిరీ పడితే పొరను లోపలికి రుద్దినట్టవుతుంది, పై పూత పెచ్చులుగా లేస్తుంది.

చేతులకు నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. పలాస వైపు జీడిపిక్కల పని చూసినవాళ్లకు తొక్కు నూనె వెంటనే కాలుస్తుందని తెలుసు. ఎపాక్సీ అలా హెచ్చరించదు. నెలల తరబడి ఏమీ చేయకుండా ఒకరోజు దద్దుర్లు తెస్తుంది, ఆ తర్వాత ఆ డబ్బా దగ్గరికి మళ్లీ వెళ్లనివ్వదు. చేతికి అంటితే థిన్నర్‌తో తుడవకండి, అది ఎపాక్సీని చర్మంలోకి తీసుకెళ్తుంది. సబ్బు నీళ్లు చాలు. ఎమిరీ పట్టేటప్పుడు దుమ్ముకు మాస్కు.

నీళ్లలో దించేముందు వారం ఆగి, ఎండ తగిలే ప్రతిచోటా రెండు భాగాల పాలీయురిథేన్ రంగు వేయండి. ఎండకు ఎపాక్సీ సున్నంలా పొడి రాలుతుంది. తర్వాతెప్పుడైనా చిల్లు పడితే మేస్త్రీ తెచ్చే పాలిస్టర్‌తో అతికించనివ్వకండి, గట్టిపడ్డ ఎపాక్సీ మీద అది సరిగా పట్టదు. స్క్రూ దిగే ప్రతి చిల్లునూ ముందు లావుగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో సన్నగా మళ్లీ తొలవండి. గుడ్డ ఎంత బాగా పడినా, వట్టి చెక్కలోకి దిగిన ఒక్క స్క్రూ వెంట నీళ్లు దిగితే ప్లైవుడ్ లోపల కుళ్లుతుంది, పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.