ఎంబీఆర్ డిస్కు నుంచి విండోస్ 11 దాకా: నా అనుభవం

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మద్దతు ముగిసింది. ఆ తేదీ దగ్గరపడే కొద్దీ వచ్చిన టెక్ వార్తల్లో చాలావాటి ధోరణి ఒకటే: మీ కంప్యూటర్ పని అయిపోయింది, కొత్తది కొనుక్కోండి. ఇందులో రెండు మాటలూ తప్పే. మద్దతు ఆగితే సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగుతాయి గానీ యంత్రం ఆగదు. వ్యక్తిగత కంప్యూటర్లకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు ఆ ప్యాచ్‌లు కూడా వస్తాయి. ఇక కొనడం సంగతి. 'మీ పీసీ పనికిరాదు' అని తేల్చిన యంత్రాల్లో కొన్నింటికి కావలసింది కొత్త హార్డ్‌వేర్ కాదు, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్‌లో) కొన్ని సెట్టింగులు, డిస్కు మీద ఒక మార్పు.

నేను అప్‌గ్రేడ్ చేసిన యంత్రంలో 8వ తరం ఇంటెల్ కోర్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. విండోస్ 11 అడిగేది 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, జాబితాలో ఉన్న ప్రాసెసర్. ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి మొదలవుతుంది ఆ జాబితా. అన్నీ ఉన్నా, అప్‌గ్రేడ్‌కు యంత్రం సరిపోతుందో లేదో చెప్పే పీసీ హెల్త్ చెక్ యాప్ రెండు చోట్ల ఎర్ర గుర్తు పెట్టింది: టీపీఎం 2.0 (ఎన్‌క్రిప్షన్ కీలను దాచే భద్రతా భాగం) కనబడలేదు, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న బూట్ సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) లేదు.

టీపీఎం అనగానే విడిగా కొనాల్సిన చిప్ అనుకుంటారు. ఈ తరం బోర్డుల్లో అది ఫర్మ్‌వేర్‌లోనే, అంటే హార్డ్‌వేర్‌తో పాటే వచ్చే సాఫ్ట్‌వేర్‌లోనే, ఉంటుంది, చాలాసార్లు ఆఫ్ చేసి ఉంటుంది. బయోస్‌లో టీపీఎం అనే పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. ఇది తేలికైన సగం.

రెండో సగంలోనే ఉంది చిక్కంతా. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి 'బయోస్ మోడ్' ఎదురుగా ఏముందో చూశాను. 'లెగసీ' (పాత బూట్ పద్ధతి) అని ఉంది. ఎప్పుడో పాత డిస్కును క్లోన్ చేసి ఎస్‌ఎస్‌డీ మీదికి తెచ్చిన యంత్రాల్లో మామూలుగా కనిపించే స్థితి ఇది. సెక్యూర్ బూట్ కావాలంటే యూఈఎఫ్ఐ అనే కొత్త మోడ్‌లో బూట్ కావాలి. విండోస్ యూఈఎఫ్ఐలో బూట్ కావాలంటే డిస్కు జీపీటీ పద్ధతిలో ఉండాలి, అంటే డిస్కులోని భాగాల (పార్టిషన్ల) వివరాలు కొత్త తరహా పట్టికలో ఉండాలి. ఈ డిస్కు ఎంబీఆర్, పాత తరహా పట్టిక. అంటే పని డిస్కు దగ్గర మొదలై, బూట్ మోడ్ మీదుగా సెక్యూర్ బూట్ దాకా రావాలి. తొందరపడి ముందే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆన్ చేస్తే బూట్ అయ్యే డిస్కే లేదని తెర మీద చూపిస్తుంది. డేటా ఎక్కడికీ పోదు, సెట్టింగు వెనక్కి మారిస్తే యంత్రం మళ్లీ లేస్తుంది. కానీ ఆ నల్లటి తెర చూసి డిస్కు చెడిపోయిందనుకుని ఫార్మాట్ చేసేవాళ్లున్నారు. అది మాత్రం తిరిగిరాని తప్పు.

దేన్నీ ముట్టుకోకముందు మూడు పనులు చేశాను. మొదటిది, బయటి డిస్కుకి మొత్తం సిస్టమ్ ఇమేజ్ (విండోస్‌తో సహా పూర్తి నకలు) తీసుకుని, డాక్యుమెంట్లూ ఫొటోలూ విడిగా కాపీ చేయడం. కాపీ అయిందని నమ్మకుండా, ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కి తగిలించి పది ఫైళ్లు తెరిచి చూడాలి. రెండోది, బయోస్‌లోని ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫొటో. బయోస్ అప్‌డేట్ చేసినా, డిఫాల్ట్‌లోకి మార్చినా సాటా మోడ్ (డిస్కుతో మాట్లాడే పద్ధతి) మారిపోయే వీలుంది. ఏహెచ్‌సీఐ ఉన్నచోట రెయిడ్ వచ్చిందంటే విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది. పాత విలువ ఏమిటో తెలిస్తే అది రెండు నిమిషాల పని, తెలియకపోతే రాత్రంతా తంటా.

మూడోది బిట్‌లాకర్, అంటే డిస్కులోని డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసే విండోస్ సౌకర్యం. హోమ్ ఎడిషన్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో ఇది మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. 'మేనేజ్ బీడీఈ స్టేటస్' కమాండుతో చూసి, ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకుని, తర్వాత ప్రొటెక్షన్‌ను సస్పెండ్ చేయాలి. యంత్రం లేచేటప్పుడు ఫర్మ్‌వేర్, బూట్‌లోడర్, సెక్యూర్ బూట్ స్థితి ఇవన్నీ ఎలా ఉన్నాయో టీపీఎం కొలతలుగా నమోదు చేసుకుంటుంది. కీ విడుదల ఆ కొలతలకు కట్టుబడి ఉంటుంది. మనం బూట్ మోడ్ మార్చగానే కొలతలు మారతాయి, టీపీఎం కీ ఇవ్వదు, 48 అంకెలు అడుగుతుంది. దొంగ చేతిలో పడ్డ ల్యాప్‌టాప్‌కీ, యజమాని బయోస్ మార్చిన ల్యాప్‌టాప్‌కీ దానికి తేడా తెలియదు, తెలియకూడదు కూడా. ఆ కీ దగ్గర లేకుండా బయోస్‌లోకి వెళ్లొద్దు.

ఇప్పుడు డిస్కు. ఎంబీఆర్ అంటే డిస్కులోని మొట్టమొదటి సెక్టార్, 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ కోడ్, చివరి 2 బైట్లు సంతకం, మధ్యలో 64 బైట్లు పార్టిషన్ పట్టిక. ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు, కాబట్టి నాలుగే గళ్లు. సెక్టార్ నంబరుకు 32 బిట్లే ఇచ్చారు కాబట్టి 512 బైట్ల సెక్టార్లతో లెక్కేస్తే 2 టీబీ దగ్గర ఆగిపోతుంది. జీపీటీలో 128 గళ్లుంటాయి, ఒక్కోటి 128 బైట్లు, మొత్తం 16 కేబీ. పట్టికకు డిస్కు చివర ఇంకో కాపీ కూడా ఉంటుంది. మార్పిడికి డిస్కు మొదట్లోనూ చివరా కాస్త ఖాళీ అవసరమయ్యేది అందుకే.

విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే పరికరం ఉంది. డేటా చెరపకుండా పట్టికను మార్చుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ముందు వాలిడేట్ స్విచ్‌తో నడపాలి. ఇది పరీక్ష మాత్రమే, డిస్కు మీద ఏమీ రాయదు. నడుస్తున్న విండోస్ నుంచే చేస్తున్నాం కాబట్టి 'అలౌ ఫుల్ ఓఎస్' అనే స్విచ్ కూడా చేర్చాలి, లేకపోతే మొదట్లోనే ఆగుతుంది. డిస్కు నంబరు 0 అని ఊహించుకోకుండా డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూసి ఇవ్వాలి.

పరీక్ష ఫెయిలైంది. కారణం డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కళ్లముందే ఉంది: సిస్టమ్ రిజర్వ్డ్, సీ, డీ, చివర చిన్న రికవరీ పార్టిషన్. నాలుగు గళ్లూ నిండిపోయాయి. ఈ పరికరం మూడు ప్రైమరీ పార్టిషన్ల వరకే ఒప్పుకుంటుంది, ఈఎఫ్ఐ పార్టిషన్‌కు (యూఈఎఫ్ఐ బూట్ ఫైళ్లుండే భాగానికి) ఒక చోటు మిగలాలి కదా. డీ గనక ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (లోపల మరికొన్ని భాగాలను పెట్టుకునే పార్టిషన్) లోపల ఉంటే మూడే ఉన్నా ఒప్పుకోదు. అప్పుడు డీలోని డేటా బయటికి తీసి ఆ పార్టిషన్‌నే తొలగించాలి. ఇక్కడ అంత అవసరం పడలేదు, రికవరీని తీస్తే సరిపోతుంది. అయితే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాని మీద రైట్ క్లిక్ చేస్తే డిలీట్ అనే మాటే రాదు. రీఏజెంట్‌సీ కమాండుతో రికవరీని డిసేబుల్ చేశాను. అలా చేసినప్పుడు రికవరీ ఇమేజ్ సీ డ్రైవ్‌లోకి వెనక్కి వస్తుంది. తర్వాత డిస్క్‌పార్ట్‌లో ఆ పార్టిషన్‌ను ఎంచుకుని 'డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్'. ఇక్కడ డిస్క్‌పార్ట్ 'నిజంగానా?' అని అడగదు. ఎంటర్ నొక్కే ముందు సైజు సరిచూడాలి. తీయాల్సింది కొన్ని వందల ఎంబీల ముక్క, వంద జీబీల డీ కాదు.

మళ్లీ వాలిడేట్, ఈసారి పాసైంది. అదే కమాండులో వాలిడేట్ తీసి కన్వర్ట్ పెట్టాను. నిమిషం కూడా పట్టలేదు. ఫర్మ్‌వేర్‌ను యూఈఎఫ్ఐకి మార్చకపోతే సిస్టమ్ బూట్ కాదని చివర్లో చెబుతుంది. అది హెచ్చరిక, ఎర్రర్ కాదు. ఇక్కణ్నుంచి పాత లెగసీ మోడ్‌లో యంత్రం లేవదు.

లెగసీలో ఉన్న విండోస్‌లో 'యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్' అనే మెనూ ఉండదు కాబట్టి రీస్టార్ట్ చేసి డిలీట్ కీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లాను. సీఎస్‌ఎం (లెగసీ బూట్‌కు వీలిచ్చే సెట్టింగు) డిసేబుల్, బూట్ వరుసలో మొదట విండోస్ బూట్ మేనేజర్, పీటీటీ ఎనేబుల్. సేవ్ చేసి ఒకసారి విండోస్‌లోకి వచ్చి అంతా బాగుందని చూసుకున్నాకే మళ్లీ వెళ్లి సెక్యూర్ బూట్ ఆన్ చేశాను. రెండూ ఒకేసారి మారిస్తే, లేవనప్పుడు దేనివల్ల లేవలేదో తెలియదు. సెక్యూర్ బూట్ ఎనేబుల్ అని పెట్టినా పక్కన 'నాట్ యాక్టివ్' అని చూపిస్తే కీలు లేవని అర్థం, ఫ్యాక్టరీ డిఫాల్ట్ కీలను ఇన్‌స్టాల్ చేసే మెనూ అక్కడే ఉంటుంది. బాగా పాత గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఒక జాగ్రత్త. దానిలో యూఈఎఫ్ఐకి పనికొచ్చే ఫర్మ్‌వేర్ లేకపోతే సీఎస్‌ఎం ఆపగానే తెర మీద బొమ్మే రాదు. మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టులోకి మార్చి బయోస్ చూడాలి.

విండోస్‌లో చూస్తే ఇప్పుడు బయోస్ మోడ్ యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్ ఆన్, టీపీఎం వెర్షన్ 2.0. రీఏజెంట్‌సీతో రికవరీని మళ్లీ ఎనేబుల్ చేయడం మరిచిపోవద్దు.

అప్‌గ్రేడ్‌కు విండోస్ 11 ఐఎస్‌ఓ ఫైలు (ఇన్‌స్టాలేషన్ డిస్కు నకలు) దించి, దాని హ్యాష్‌ను (ఫైలు మారలేదని తేల్చే గుర్తును) సర్ట్‌యుటిల్ కమాండుతో లెక్కించి, డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన విలువతో పోల్చాను. డబుల్ క్లిక్ చేస్తే డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, సెటప్ నడపడమే. ఫైళ్లు, యాప్‌లు ఉంచాలన్న ఆప్షన్ మసకబారి ఉంటే ఎక్కువగా భాషే కారణం. ఉన్న విండోస్ ఇంగ్లిష్ ఇంటర్నేషనల్ అయి, ఐఎస్‌ఓ అమెరికన్ ఇంగ్లిష్ అయితే యాప్‌లు ఉంచనివ్వదు.

సగం దాటాక సెటప్ వెనక్కి తిరిగింది. ఎర్రర్ 0ఎక్స్‌సీ1900101, పక్కన 0ఎక్స్20017. ఇంటర్నెట్‌లో ఈ కోడ్‌కు పాతిక సలహాలు దొరుకుతాయి, వాటిలో సగం గుడ్డిగా ఫైళ్లు చెరిపేవే. కోడ్‌ను చదవడం నేర్చుకుంటే అవి అక్కర్లేదు. మొదటి భాగం డ్రైవర్ తగాదా అని చెబుతుంది. రెండో భాగంలో ఎక్స్ తర్వాతి అంకె దశ: 1 అంటే పాత విండోస్ నడుస్తుండగా, 2 అంటే సేఫ్ ఓఎస్, 3 అంటే కొత్త విండోస్ మొదటి బూట్, 4 అంటే రెండో బూట్.

ఈ సేఫ్ ఓఎస్ అన్నది నాకు మొత్తం ప్రక్రియలో బాగా నచ్చే ఘట్టం. సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో అంతరిక్ష నౌక నడుస్తూనే దాని కంప్యూటర్ కొత్త వెర్షన్‌కు మారిపోతుంది, తెర మీద గీత సాఫీగా నిండుతుంది. నిజంలో ఏ సిస్టమూ తాను నిలబడ్డ నేలను తానే తవ్వుకోలేదు. వాడుకలో ఉన్న ఫైలును మార్చలేం. అందుకని సెటప్ పాత విండోస్‌ను పూర్తిగా ఆపి, ర్యామ్‌లో ఒక చిన్న విండోస్‌ను లేపుతుంది. అది పాత ఫోల్డర్‌ను పక్కకు జరిపి విండోస్ డాట్ ఓల్డ్ అని పేరు పెట్టి, కొత్తదాన్ని ఆ చోట నిలబెట్టి తప్పుకుంటుంది. శాతం అంకె ఒకేచోట చాలాసేపు ఆగితే చచ్చిపోయిందని కాదు. డిస్కు లైటు మినుకుమంటున్నంతసేపు పవర్ బటన్ ముట్టుకోవద్దు. నాకైతే సినిమా గీత కన్నా ఈ చేతులు మారే పద్ధతే అద్భుతంగా అనిపిస్తుంది.

ఆ చిన్న విండోస్ లేవలేకపోయింది, అంటే డిస్కును నడిపే డ్రైవర్ల మీద అనుమానం. విండోస్ లాగ్స్ ఫోల్డర్‌లో సెటప్‌డయాగ్ నివేదిక ఉంటుంది, దానితోపాటు సెటప్ లాగ్‌ను కింది నుంచి పైకి చదివాను. పాత స్టోరేజీ కంట్రోలర్ డ్రైవర్ ఒకటి క్లోన్‌తో పాటు వచ్చి అలాగే ఉండిపోయింది. పీఎన్‌పీయుటిల్ కమాండుతో డ్రైవర్ల జాబితా తీసి, ఆ డ్రైవర్ ఐఎన్‌ఎఫ్ ఫైలు పేరు పట్టుకుని తొలగించాను. ప్రస్తుతం డిస్కును నడుపుతున్న డ్రైవర్ అది కాదని డివైస్ మేనేజర్‌లో చూసుకున్నాకే సుమా. బయటి యాంటీవైరస్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, కీబోర్డు, మౌస్ తప్ప యూఎస్‌బీలన్నీ పీకి, సెటప్‌లో అప్‌డేట్ల డౌన్‌లోడ్‌ను 'ఇప్పుడు కాదు' అని పెట్టి మళ్లీ నడిపాను. ఈసారి నిలిచింది.

పాత ప్రాసెసర్ ఉన్నవాళ్లకు రిజిస్ట్రీలో కిటుకు చేసి తనిఖీ దాటించమని వీడియోలు చెబుతుంటాయి. నేను సిఫారసు చేయను. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌కు పాప్‌కౌంట్, ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ప్రాసెసర్ సూచనలు తప్పనిసరి, అవి లేని చిప్ మీద బూటే కాదు. మిగతావాటి మీద ఎక్కినా, రేపు అప్‌డేట్ వస్తుందన్న హామీ లేదు. అలాంటి యంత్రానికి లైనక్స్ మంచి దారి.

విండోస్ 11 ఎక్కిన వెంటనే చేసిన మొదటి పని, విండోస్ 10కి వెనక్కి వెళ్లే గడువు పెంచడం. మామూలుగా 10 రోజులు. డిజమ్ కమాండులోని 'సెట్ ఓఎస్ అన్‌ఇన్‌స్టాల్ విండో' స్విచ్‌తో 60 రోజుల దాకా పెంచవచ్చు. గడువు ముగిశాక పెంచడానికి ఏమీ మిగలదు. బిట్‌లాకర్‌ను మళ్లీ ఆన్ చేసి, మారి ఉంటే కొత్త రికవరీ కీ రాసుకోవాలి. పాత తెలుగు డాక్యుమెంట్లలో గౌతమి, వాణి ఫాంట్లు కనబడకుండా నిర్మలలోకి మారిపోతే కంగారు అక్కర్లేదు. ఆప్షనల్ ఫీచర్లలో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చితే వచ్చేస్తాయి.

మిగిలింది మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్. సెక్యూర్ బూట్ ఆధారపడే 2011 నాటి సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి ముగియడం మొదలవుతుంది. వాటి స్థానంలో 2023 సర్టిఫికెట్లు విండోస్ అప్‌డేట్ ద్వారా వస్తాయి, కొన్ని బోర్డులకు మాత్రం ముందు బయోస్ అప్‌డేట్ కావాలి. అది చేసేటప్పుడు మళ్లీ అదే వరుస: బిట్‌లాకర్ సస్పెండ్, పేజీల ఫొటోలు, ఆ తర్వాతే ఫ్లాష్ (కొత్త బయోస్‌ను రాయడం). అప్‌డేట్ అయ్యాక సాటా మోడ్, పీటీటీ, సీఎస్‌ఎం ఈ మూడూ పాత ఫొటోలతో సరిచూసుకున్నాకే విండోస్‌లోకి వెళ్లాలి.