మిద్దె మీద పడిన వాన ఎటు పోతోంది?

2020 అక్టోబరు వానలకు నాగోల్‌లో మా వీధి మునిగినప్పటి నుంచి ఇంకుడు గుంత తవ్వించాలనుకుంటూనే ఉన్నాను. తీరా పిలిస్తే మేస్త్రీ అడిగాడు: "సార్, మీ మిద్దె మీద నుంచి ఎన్ని నీళ్లు దిగుతాయి?" ఉజ్జాయింపుగా చెప్పడం ఇష్టంలేక కొలిచాను.

చదరపు మీటరు చోట 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. గోడలు నిటారుగా ఉన్న స్టీలు డబ్బా, స్కేలు ఉంటే చాలు. మొదట డబ్బాను ట్యాంకు పక్కన పెట్టాను. గాలివానకు ట్యాంకు అడ్డమై తక్కువ పడింది. ఆ లెక్క వదిలేసి మిద్దె నడిమికి మార్చాను. మిద్దెలో 15 చదరపు మీటర్ల మేర పడిన నీళ్లు దిగే గొట్టం కింద డ్రమ్ము పెట్టాను.

జూన్‌లో తొలి గట్టి వానకు డబ్బాలో 12 మిల్లీమీటర్లు. డ్రమ్ములోకి 180 లీటర్లు రావాలి. బకెట్లతో తోడి కొలిస్తే 150 ఉన్నాయి! గొట్టం కారుతోందేమోనని అతుకులన్నీ తడిమి చూశాను, ఎక్కడా చెమ్మ లేదు. మర్నాడు 10 మిల్లీమీటర్లు పడితే 140 లీటర్లు వచ్చాయి. అప్పుడు అర్థమైంది. వేసవంతా కాలిన సిమెంటు తొలివానలో 2 మిల్లీమీటర్లు తానే పీల్చుకుంది. తడిసిన మిద్దె మీద ఆ నష్టం బాగా తగ్గింది.

మరి మొక్కలు ఎన్ని నీళ్లు తాగుతున్నాయి? ఒకే సైజు కుండీలు రెండు తీసుకున్నాను. ఒకదాంట్లో కరివేపాకు, రెండోదాంట్లో వట్టి మట్టి. నిండా తడిపి, అడుగున కారడం ఆగాక కాటాకు వేలాడదీశాను. మర్నాడు అదే వేళకు కరివేపాకు కుండీ 620 గ్రాములు తగ్గింది, మట్టి కుండీ 210. గ్రాము తగ్గితే మిల్లీలీటరు నీరు పోయినట్టే. అంటే ఆకుల గుండా పోయింది కనీసం 410 మిల్లీలీటర్లు. ఆకుల నీడన మట్టి తక్కువ ఆరుతుంది కాబట్టి మొక్క వాటా ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

"రోజూ చెంబుడు పోస్తున్నా కదరా, చాలట్లేదా?" అంది అమ్మ. చెంబు కొలిస్తే లీటరు. మిగతాది అడుగు నుంచి కారిపోతోంది. కుండీ కింద తెల్లటి ఉప్పు మరక చూపించాను. ఇప్పుడు మట్టిలో వేలు దూర్చి చూసి, అరచెంబే పోస్తోంది.

మేస్త్రీకి ఫోన్ చేశాను. మిద్దె మొత్తం 60 చదరపు మీటర్లు, ఒక్కరోజులో 50 మిల్లీమీటర్లు పడితే దాదాపు 3,000 లీటర్లు. ఆదివారం తవ్వడానికి వస్తానన్నాడు.