హికరీ, మేపుల్, ఓక్: డ్రమ్ స్టిక్స్‌కు ఏ కర్ర మేలు?

డ్రమ్ స్టిక్స్ ఎంచుకునేటప్పుడు చాలామంది వాటిమీద ముద్రించిన 5ఎ, 5బి వంటి కొలతలతోనే సరిపెట్టుకుంటారు. కానీ కొలత ఒకటే అయినా కర్ర మారితే చేతికి తెలిసే బరువు మారిపోతుంది. 5ఎ రకం సుమారు 14 మిల్లీమీటర్ల మందం, 16 అంగుళాల పొడవు ఉంటుంది. ఆ కొలతలో మేపుల్ జత సాధారణంగా హికరీ కన్నా తేలికగా, ఓక్ జత హికరీ కన్నా బరువుగా ఉంటుంది.

ఎక్కువగా వాడుకలో ఉన్నది హికరీయే. ఉత్తర అమెరికాలో విరివిగా పెరిగే ఈ చెట్టు కర్రను గొడ్డళ్లకు, సుత్తులకు పిడిగా వేయడానికి కారణం ఏదో, డ్రమ్మర్లు దానిని ఇష్టపడడానికి కారణమూ అదే: దెబ్బ తాలూకు అదురును చాలావరకు తనలోనే ఇముడ్చుకుని, చేతి దాకా రానివ్వదు. పైగా అది పాడయ్యే తీరు కూడా నయమే. హై-హ్యాట్ (స్టాండుపై ఒకదానిమీద ఒకటిగా అమర్చిన జంట సింబల్స్) అంచు, స్నేర్ డ్రమ్ రిమ్ (చుట్టూ ఉండే గట్టి అంచు) పదేపదే తగిలే చోట మొదట నొక్కులు పడతాయి, ఆ తరువాత పీచు లేస్తుంది, ఆపైన సన్నని పేళ్లు ఊడుతూ నడుము సన్నబడుతుంది. కాబట్టి విరగబోతున్న సంగతి సాధారణంగా ముందే తెలుస్తుంది. హికరీలో తెల్లని భాగమే గట్టిదన్న నమ్మకం ఒకటుంది గాని, బరువు సమానంగా ఉన్నప్పుడు ఎర్రని చేవ భాగం బలంలో దానికి తీసిపోదు.

మేపుల్ సంగతి వేరు. కాఠిన్యాన్ని కొలిచే జాంకా పరీక్షలో హికరీకి దాదాపు 1820 పౌండ్లు వస్తే, గట్టి మేపుల్‌కు 1450 వస్తుంది. రిమ్‌షాట్లు, అంటే డ్రమ్ పైపొరనూ రిమ్‌నూ ఒకేసారి తాకే దెబ్బలు, జోరుగా కొట్టేవారి చేతిలో అది త్వరగా అరిగిపోవడంలో వింత లేదు. అయితే బరువు పెరగకుండా లావైన స్టిక్ కావాలనుకునేవారికి, తక్కువ ధ్వనిలో రైడ్ సింబల్‌పై (లయను నడిపే పెద్ద తాళంపై) వేగంగా వాయించేవారికి నేను మేపుల్‌నే సూచిస్తాను.

ఓక్ అంటే ఇక్కడ ప్రధానంగా జపాన్ ఓక్. చాలాకాలం మన్నుతుంది, మోత కూడా గట్టిగానే ఉంటుంది; కాని అదురు వేళ్లకు ఎక్కువగా తెలుస్తుంది, విరిగేటప్పుడు ముందస్తు సూచన లేకుండా ఫెటేలున విరగవచ్చు. నాకది నచ్చదు.

ఏ చెట్టుదైనా, కర్రలోని రేఖలు పిడి నుంచి కొన వరకు తిన్నగా సాగాలి. అవి ఏటవాలుగా పక్కకు దిగిపోతే స్టిక్ ఆ గీత వెంబడే చీలుతుంది. చదునైన బల్లమీద దొర్లిస్తే వంకర బయటపడుతుంది. ఆ తరువాత రెండింటినీ ఒకదాని తరువాత ఒకటిగా ఒకే చోట తట్టి చూడాలి. బరువు, సాంద్రత కలిసిన జత అయితే దాదాపు ఒకే శ్రుతి పలుకుతుంది, కలవని జత అయితే సింబల్‌పై కుడిచేతి దెబ్బ ఒక తీరున, ఎడమచేతి దెబ్బ మరో తీరున వినిపిస్తుంది. అటువంటి జతను, అది ఎంత మంచి హికరీ అయినా సరే, నేను తీసుకోను.