మార్ఫిన్ బిళ్ళ నొప్పిని చూసి కాదు, గడియారం చూసి వేయాలి

క్యాన్సర్ ముదిరిన మనిషి ఉన్న ఇంట్లో, అది నెల్లూరు టౌనైనా ఉదయగిరి పక్క పల్లెయినా, ఒకటే మాట వినపడుతుంది: "మార్ఫినా? అప్పుడే వద్దులే, చివర్లో చూద్దాం." ఆ మాట వల్లే మనిషి వారాల తరబడి మంచం మీద మెలికలు తిరుగుతాడు. మార్ఫిన్ దాచిపెడితే తర్వాత ఎక్కువ పనిచేసే మందు కాదు. మార్ఫిన్ కంటే తక్కువ బలమున్న నొప్పి మందు ట్రమడాల్ రోజుకు 400 మిల్లీగ్రాములు దాటితే ఫిట్స్ భయం. మార్ఫిన్‌కు అలాంటి గట్టి హద్దు లేదు, నొప్పి పెరిగేకొద్దీ డాక్టరు మోతాదు పెంచుకుంటూ పోవచ్చు.

ఇది గడ్డను కరిగించదు. గడ్డ దగ్గర మొదలైన నరం వెన్నుపాములో ఇంకో నరానికి కబురు అందిస్తుంది. ఆ కూడలిలో మ్యూ గ్రాహకాలుంటాయి, అంటే మార్ఫిన్‌లాంటి మందులు వచ్చి పట్టుకునే చోట్లు. మార్ఫిన్ వాటికి అతుక్కుంటే మొదటి నరం కబురు మోసే రసాయనాన్ని తక్కువగా వదులుతుంది, రెండోది అంత సులువుగా కదలదు. మెదడులోనూ ఇలాంటి పనే జరుగుతుంది. అందుకే కొందరు "నొప్పి ఉంది గానీ నన్ను పీడించడం లేదు" అంటారు.

మామూలు బిళ్ళ అరగంటలో పని మొదలుపెట్టి నాలుగు గంటలు నిలుస్తుంది. అందుకని పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. చాలామందికి రాత్రి పదింటికి రెట్టింపు మోతాదు రాస్తారు, రెండింటికి లేపే పని లేకుండా. నొప్పి వచ్చాక ఇద్దామని కూర్చుంటే, లేచిన నొప్పిని దించడానికి ఇంకా ఎక్కువ మందు కావాలి. పూటకు 10 మిల్లీగ్రాములంటే, రాత్రి రెట్టింపుతో కలిపి రోజుకు 60. మధ్యలో పొడుచుకొస్తే అందులో ఆరో వంతు, అంటే ఇంకో 10, అదనంగా వేస్తారు. అలా రోజుకు మూడుసార్లు వేయాల్సి వస్తే మొత్తం 90 అయినట్టు. అప్పుడు డాక్టరు పూటకు 15 చేస్తారు. ఈ లెక్క కుదరాలంటే మంచం పక్కన ఒక నోటుబుక్కు ఉండాలి: టైము, ఎన్ని మిల్లీగ్రాములు, నొప్పికి పదికి ఎన్ని మార్కులు. మూడే గళ్ళు.

నోటి క్యాన్సర్‌తో ముక్కు గొట్టం ఉన్నవాళ్ళకు మామూలు బిళ్ళను నలిపి నీళ్ళలో కలిపి పోయొచ్చు. పన్నెండు గంటలు పనిచేసే బిళ్ళను మాత్రం నలపకూడదు, మందంతా ఒక్కసారే వదులుతుంది.

అవే గ్రాహకాలు పేగుల్లోనూ ఉన్నాయి. వాంతి, మగత వారంలోపు సర్దుకుంటాయి, మలబద్ధకం సర్దుకోదు. దీనివల్ల మార్ఫిన్ ఆపేసేవాళ్ళూ ఉన్నారు. మొదటి బిళ్ళ రోజు రాత్రే విరేచనం అయ్యేలా చేసే బిసాకోడిల్ 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టమని అడగండి. ఇసబ్‌గోల్ వద్దు. నీళ్ళు సరిగా తాగలేని మనిషికి అది లోపలే గడ్డకడుతుంది.

కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో మార్ఫిన్ విరిగి తయారయ్యే పదార్థాలు బయటికి పోక పేరుకుంటాయి. కాళ్ళూ చేతులూ ఎగిరిపడటం, కలవరింతలు దాని గుర్తులు. పిలిస్తే పలకని మగత, సూదిమొనంత కంటిపాప, నిమిషానికి ఎనిమిది లోపు ఊపిరి కనిపిస్తే తర్వాతి మోతాదు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. విరుగుడు నలోక్సోన్ అక్కడుంటుంది.

మార్ఫిన్ జాతిదే అయిన ఫెంటనిల్ మందును చర్మం ద్వారా అందించే ప్యాచ్ అతికించిన మనిషిని రోహిణి కార్తె ఎండలో వరండాలో పడుకోబెట్టొద్దు. వేడికి చర్మం మందును ఎక్కువగా లాగేస్తుంది. జ్వరమొచ్చినా అంతే. ప్యాచ్ పట్టు అందుకోవడానికి పన్నెండు గంటలు పైనే పడుతుంది, మూడు రోజులకోసారి మార్చాలి. ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి మందు) అలవాటు లేని ఒంటికి దానితో మొదలుపెట్టకూడదు.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ కీళ్ళనొప్పులకు మార్ఫిన్ మందు కాదు. ఏళ్ళ తరబడి సాగే ఆ నొప్పికి దారి వేరు.

2014లో మత్తుమందుల నియంత్రణకున్న ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడం సులువైంది. వీధి చివర మెడికల్ షాపులో మాత్రం వెతకొద్దు, దొరకదు. ఇంకా నాలుగు రోజుల మందు ఉండగానే చీటీ, ఖాళీ స్ట్రిప్పులు పట్టుకుని బయల్దేరండి. వారాల తరబడి వాడుతున్న మార్ఫిన్ ఒక్కసారి ఆగితే చెమటలు, విరేచనాలు, ఒళ్ళు గగుర్పాటు, వాటితోపాటే పాత నొప్పీ తిరగబడతాయి. దాన్ని వ్యసనం అనొద్దు. ఒంటికి అలవాటైన మందు అందక పడే బాధ అది. బస్సు దొరకలేదనో ఆదివారమనో రోగికి ఆ బాధ రానివ్వకండి.