ఉపన్యాసం మానేశాక మొదలైన పని

నేను పనిచేసే హైదరాబాదు చికిత్సా కేంద్రంలో ఆటిజం ఉన్న పిల్లలను చూసే స్పీచ్ థెరపిస్టులు ఆరుగురు ఉన్నారు. వాళ్ళు పరిశోధన ఆధారాలను పనిలో వాడేలా చూసే బాధ్యతను నాకు అప్పగించినప్పుడు, మొదట నలభై స్లైడ్లతో రెండు గంటల ఉపన్యాసం ఇచ్చాను. ఈలలు, బూరలు ఊదించడం, నాలుక చివర తేనె రాసి నాకించడం వంటి నోటి కసరత్తుల వల్ల మాట వస్తుందనడానికి గట్టి ఆధారం లేదని అందులో చెప్పాను. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు. సోమవారం మాత్రం గదుల్లో మళ్ళీ అవే ఈలలు, అవే బూరలు, నాలుక చివర అదే తేనె కనిపించాయి. వాళ్ళను తప్పుపట్టలేను. రోజంతా పిల్లలతో కూర్చున్న మనిషికి, ఎవరో ఎక్కడో చేసిన అధ్యయనం తన ఎదుటి పిల్లవాడికి ఎలా పనికివస్తుందో నేను చెప్పనే లేదు.

అందుకని ఉపన్యాసాలు మానేసి, ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక గంట, ఒక్క పిల్లవాడి గురించి ఒక్క ప్రశ్ననే తీసుకోవడం మొదలుపెట్టాం. మొదటి ప్రశ్న ఒక నాయనమ్మగారిది. ఐదేళ్ళు దాటినా రెండు మూడు మాటలకు మించి పలకని మనవడికి మా థెరపిస్టు బొమ్మల కార్డులు ఇవ్వబోతే, "కార్డు చూపిస్తే పని జరిగిపోతుంటే వాడింక నోరెందుకు తెరుస్తాడమ్మా?" అని ఆవిడ అడిగారు. థెరపిస్టు దగ్గర జవాబు లేదు. నిజానికి ఆమెకూ లోపల అదే భయం ఉంది.

వెతికితే రెండు అధ్యయనాలు దొరికాయి. 2006లో వచ్చిన సమీక్షలో, బొమ్మలు, సైగల వంటి ప్రత్యామ్నాయాలు వాడిన 27 మందిలో ఒక్కరికీ మాట తగ్గలేదు, 89 శాతం మందికి ఎంతోకొంత పెరిగింది; అయితే వాళ్ళందరూ ఆటిజం ఉన్నవాళ్ళు కారు. 2014లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనంలో, దాదాపు మాటలు లేని 5 నుంచి 8 ఏళ్ళ ఆటిజం పిల్లలు 61 మంది ఉన్నారు; నొక్కితే మాట పలికే పరికరాన్ని మొదటి నుంచీ ఇచ్చిన పిల్లలు తమంతట తాము ఎక్కువగా సంభాషించారు. కానీ అది పరికరం, మాది లామినేషన్ చేసిన కార్డు. ఆ తేడాను ఎత్తిచూపింది అందరిలోకీ చిన్నదైన థెరపిస్టే, ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆధారం అంతవరకే తీసుకెళ్ళగలదని ఒప్పుకుని, మిగతాది మేమే లెక్కపెట్టుకోవాలనుకున్నాం. కార్డులు ఇవ్వకముందు మూడు సెషన్లలో, పది నిమిషాల ఆటలో బాబు ఎవరూ ప్రేరేపించకుండా ఎన్నిసార్లు అడుగుతున్నాడో గీతలు గీసుకున్నాం: రెండు, మూడు, రెండు. కార్డులు మొదలైన ఎనిమిది వారాలకు అవి పది దాటాయి; వాటిలో నాలుగైదుసార్లు కార్డుతోపాటు "నీళ్ళు", "ఇవ్వు" అన్న మాటలూ వచ్చాయి. వయసుతోపాటు వచ్చినవో, కార్డుల వల్ల వచ్చినవో ఒక్క పిల్లవాడితో తేల్చలేం. మాట తగ్గలేదన్నది మాత్రం నాయనమ్మగారికి కాగితం మీద చూపించగలిగాం.

తర్వాతి వారాల్లో గోవా, రావల్పిండిలలో 65 మంది పిల్లలతో జరిగి, 2016లో ప్రచురితమైన అధ్యయనం చదివాం. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలు ఆరు నెలల్లో 12 సెషన్లలో తల్లిదండ్రులకు నేర్పితే, పిల్లలు తమంతట తాము సంభాషణ మొదలుపెట్టడం పెరిగింది. ఉమ్మడి శ్రద్ధ, అంటే తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఒకేదానిపై దృష్టి పెట్టడం, మాత్రం తగ్గింది. ఈ రెండో ఫలితాన్ని దాటేయకుండా చదవడానికే మాకు రెండు శనివారాలు పట్టాయి.

ఈలల పెట్టె ఇంకా బీరువాలోనే ఉంది. దాన్ని వదలని సీనియర్ థెరపిస్టు ఒకరు, "నాకు ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది, మేడమ్" అన్నారు. నేను వాదించలేదు. ఆవిడ చూసే పిల్లల్లో ఒకరికి ఈలలు ఆపి, మరొకరికి కొనసాగించి, ఇద్దరి గీతలూ లెక్కపెడదామని ఆవిడే చెప్పారు; అది సరైన పోలిక కాదని, ఒకే పిల్లవాడిలో ఆపి మళ్ళీ మొదలుపెట్టి చూడాలని చిన్న థెరపిస్టు అంది. వచ్చే శనివారం ప్రశ్న అదే.